గోదారి కొసరు

పాతికేళ్ళుగా నా టేపుకి తెలిసినవి
భుజం, చంక, చెయ్యి, నడుం.
లెక్క మాత్రం పేరంటాలిది.
పదహారు జాకెట్లకి లైనింగు ఎంతంటే
పొయ్యి మీంచి తల తిప్పకుండా చెప్పేది.
కొట్టువాడు చెప్పిన దానికంటే
ఎప్పుడూ అరమీటరు తక్కువే.
ఎప్పుడూ సరిపోయేది.

మా లంకలోకి నీళ్ళొచ్చిన శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక అన్నారు.
పొద్దున్న ఆరింటికి నా మెళ్ళో టేపు లాక్కుని
అరుగు దిగి, మోకాటి లోతు ఎర్రనీళ్ళలో నిలబడి
గడప నుంచి నీటి దాకా కొలిచింది.
ముప్పై ఒక్క అంగుళాలు.
బొగ్గుముక్కతో గోడ మీద రాసింది,
పాల లెక్క పక్కన.

ఏడింటికి నీరు మూడంగుళాలు ఎక్కింది.
ఎనిమిదింటికి రెండున్నర.
తొమ్మిదింటికి రెండు.
నేను మంచం మీదకి మిషనెత్తి
మిషను మీదకి బియ్యం బస్తా ఎత్తి
బస్తా మీదకి నేనెలా ఎక్కాలా అని చూస్తున్నాను.

అప్పుడొచ్చాడు బుల్లెబ్బాయి, పడవేసుకుని.
వరదప్పుడు గొడ్లు చవగ్గా దొరుకుతాయని
ఏటా వచ్చే మనిషి.
"గంటకి మూడంగుళాలండి, ఆయ్.
సాయంత్రానికి మీ మంచం కోళ్ళు తడుస్తాయి.
కొట్టుకుపోయిన గేదెకి పైసా రాదు.
పాతిక వేలు. ఇప్పుడే, చేతిలో."
నోట్లు పాలిథిన్ కవర్లో చుట్టి ఉన్నాయి, తడవకుండా.
ఆ జాగ్రత్తకే నా మనసు జారింది.
తల కూడా ఊపేశాను.

పేరంటాలు గోడవైపు తిరిగింది.
"మూడు. రెండున్నర. రెండు.
గంటగంటకీ అర తగ్గుతోంది గోదారికి ఊపు.
ఇక ఒకటిన్నర, ఒకటి, అర. వెరసి మూడు.
గడపకి ఇంకా ఇరవైమూడున్నర ఉంది, బుల్లెబ్బాయ్.
పూటకి మూడు లీటర్లు, రోజుకి ఆరు, లీటరు యాభై.
తవుడూ గడ్డీ నూట ఇరవై తీస్తే
రోజుకి నూట ఎనభై మిగులు.
నూట ముప్పైతొమ్మిది రోజుల్లో
నీ పాతిక వేలు గేదే ఇస్తుంది నాకు.
నూట నలభయ్యో రోజున కూడా
అది నా కొట్టంలోనే ఉంటుంది.
పడవ పక్కన ఈదించుకుంటూ దాన్ని గట్టెక్కించు.
ఆరు వందలిస్తాను."

"నీరాగుతుందన్నావుగా, మరి గట్టెందుకూ?" అన్నాను.
"నా లెక్క తప్పితే ఆరు వందలు పోవాలి గానీ
గేదె పోకూడదు."
ఆరు వందల యాభైకి తేలింది బేరం.

మధ్యాహ్నం ఒంటిగంటకి నీరు ఆగింది.
మూడు కాదు, నాలుగంగుళాలు ఎక్కి ఆగింది.
వీధంతా దండాలు పెడుతుంటే
ఆమె మాత్రం, "అంగుళం తప్పాను," అంది.
తడిసి టేపు సాగిందేమోనని
పక్కింటి పిల్లాడి స్కేలు తెచ్చి సరిచూసింది. సాగలేదు.
రాత్రి అన్నం కలుపుతూ ఆగిపోయేది.
"ఆ అంగుళం ఎక్కడిది?"

పదో రోజున, బురద ఇంకా ఆరని వాకిట్లో
నెత్తళ్ళు కొంటూ "కొసరెయ్యవే" అని అడిగి
ఉన్నట్టుండి పగలబడి నవ్వింది.
చేపలమ్మి గంప పట్టుకుని బిత్తరపోయింది.
లోపలికొచ్చి గోడమీద నాలుగు పక్కన రాసింది:
మూడు, కొసరు ఒకటి.

దీపావళికి ముందు సున్నం వేస్తూ
ఆ అంకెల దగ్గర ఆగాను.
పాల లెక్కలన్నీ ముత్యాల్లా ఉన్నాయి.
ఏడింటి మూడూ తిన్నగానే ఉంది.
తొమ్మిదింటి రెండు మాత్రం
తోక దగ్గర వణికి, కిందికి జారి ఉంది.
అంత నిబ్బరంగా మాట్లాడిన మనిషి చెయ్యి.
నేనా వేళ బస్తా వైపు చూస్తున్నాను.

టేపు తీసి కొలిచాను.
వెడల్పు తొమ్మిది, ఎత్తు పదకొండున్నర.
ఆ మేరకి సున్నం వెయ్యలేదు.