ఒకే చెంచా

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
పొద్దున ఆరుకే మా ల్యాబు షట్టరు లేస్తుంది.
ఎదురుగా కవలల ఉగ్గాని బండి.
కుళ్లాయప్ప నానిన బొరుగులు పిండుతాడు,
కుళ్లాయమ్మ మిరపకాయ బజ్జీలు నూనెలోకి జారవిడుస్తుంది.
ఒకే బాండలి, ఒకే నూనె,
అమ్మగా మిగిలిందే ఇద్దరికీ తిండి.

నలభై దాటిన ఏడు
ఇద్దరి రక్తం ఒకే మిషన్లో తిప్పితే
అన్నది మజ్జిగ మాదిరి తెల్లగా తేలింది,
చెల్లెలిది లేత పసుపు, కలితేట.
"అదేందక్కా, బజ్జీలు ఇద్దరం తింటిమి,
చక్కెర వానికేనా?"

కొవ్వు ఆమెకూ ఉంది.
నడుము కింద, తొడల్లో, జబ్బల్లో
వలస పోయినోళ్ల సామాను మాదిరి సర్దుకొనుంది.
వానికి మాత్రం పేగుల చుట్టూ, కాలేయంలో.

నాకు తెలిసిన కాడికి చెప్పినా.
చిన్నప్పుడు నర్సమ్మ దవడ నొక్కి
ఒకే చెంచాతో మీ ఇద్దరికీ పోసిందే పసుపు మందు,
అది కండ్లకొక్కటే కాదు.
కాలేయం దాన్ని గాదెలో పోసి పెడుతుంది,
అడిగినంత కొలిచి పంపుతుంది.
కొవ్వు కణం అందుకొని ఆమ్లంగా మార్చుకుంటే
ఆ ఆమ్లం పోయి జన్యువుల తలుపు తడుతుంది,
దాచుకో అనో, కాల్చుకో అనో.
ఆడ ఒంట్లో ఈస్ట్రోజన్ అనే పెద్దావిడ
గడపలో కూర్చోనుంటుంది.
ఎంత మార్చాల, ఎక్కడ మార్చాల,
ఆమె మాట కొంత సాగుతుందంట.
ఎలుకల్లో చూసినారు. మనుషుల్లో ఇంకా తేలాల.

కుళ్లాయమ్మ జల్లిగరిటె ఎత్తి నవ్వింది:
"అయితే వీని చెంచా గూడా నేనే తాగింటా!"

కుళ్లాయప్ప నవ్వలేదు.
వాళ్లమ్మ సంగతి ఎత్తినాడు.
ఈ ఇద్దరినీ మోసేటప్పుడు
మసక పడితే గడప కనపడేది కాదంట,
గోడ తడుముకుంటా దొడ్లోకి పోయేదంట.
గాలి సోకింది అనింది ఊరు.
నాయనదీ అదే సంగటి, అదే ఊరుబిండి,
ఆయన కండ్లకు ఏమీ కాలేదు.
ఆమె గాదెను లోపల్నుంచి
రెండు జతల చేతులు ఊడ్చుకున్నాయి.
కానుపైన కొన్నాళ్లకు దీపం మళ్లీ కనపడింది.
ఆ వెలుతురులో ముందు చూసింది
ఆడబిడ్డనో మగబిడ్డనో ఎవరికీ చెప్పలేదంట.

మొన్న ఎండలు ముదిరినాక
కుళ్లాయమ్మ ఒక్కతే వచ్చింది.
ముట్లు ఆగి రెండేండ్లు.
పొట్ట ముందుకొచ్చి కుచ్చిళ్లు నిలవడం లేదంది.
మిషన్ ఆగినాక గొట్టం తీసి చూస్తే
మజ్జిగ తెలుపు. అచ్చం అన్నదే.
గడపలో పెద్దావిడ లేచిపోయింది.

మా ఫారం పైన స్త్రీ, పురుషుడు అని రెండు గళ్లు.
ఇరవై ఏండ్లుగా టిక్కు కొడుతున్నా.
కింద చక్కెర పక్కన అచ్చేసిన అంకె మాత్రం
ఇద్దరికీ ఒకటే.
వయసు గడి పక్కన ఇరికించి రాసినా:
ముట్లు ఆగినాయి.
డాక్టరు చదువుతాడో లేదో.

"మునగాకు తింటే తగ్గుతుందా ఓబులక్కా?"
తిను, మంచిదే, అన్నా.
తగ్గుతుందని అనలేదు.
ఎవరో చెప్పినారని విటమిన్ బిళ్లలు మాత్రం మింగొద్దన్నా,
ఆ గాదె పొర్లినా కష్టమే.

ఆమె మెట్లు దిగినాక
కొత్త సూది విప్పినా.
రబ్బరు పట్టీ కొస పండ్లతో పట్టుకొని
నా జబ్బకు నేనే కట్టుకున్నా.
నాకు నలభై ఎనిమిది.
బయట కుళ్లాయమ్మ ఇంకా రోడ్డు దాటలేదు,
ఎదురుగా నూనె కాగుతోంది.