అడ్డుకోత

"బాబు కోసమా మేడమ్?" అన్నాడు మొహసిన్,
అద్దాల అర తాళం తీస్తూ.
నాకే, అన్నాను.
ఒక్క క్షణం నా నేత చీర వైపు, కీళ్లు ఉబ్బిన వేళ్ల వైపు చూసి
నల్ల మఖమల్ గుడ్డ పరిచాడు.

బంజారాహిల్స్‌లో రెండో అంతస్తు. ఏసీ చలి.
కింద రోడ్డంతా హారన్లు,
పైన మూడు మడత చాకులు, మూడూ నోరు మూసుకుని.

మొదటిది కాటుక నలుపు. పిడి నిండా గాట్లు.
తెరిచానో లేదో
నాకే నేనంటే భయమేసింది. పక్కన పెట్టాను.

రెండోదాని ఒంటినిండా అలలు.
"డమాస్కస్ మేడమ్" అన్నాడు, ఆ పేరు చప్పరిస్తూ.
మన నిజామాబాద్ వైపు కొలిముల ఉక్కే కదా నాయనా,
పరదేశం పోయి పేరు మార్చుకున్నది, అనబోయి
ఊరుకున్నాను. ముప్పై ఒక్కేళ్లు బోటనీ చెప్పిన నోరు,
సందు దొరికితే చాలు దీనికి.
అందంగానే ఉంది.
అలలు చూస్తూ కూర్చుంటే పార్సిల్ తాడు ఎవరు కోస్తారు?

మూడోది బూడిదరంగు టైటానియం.
బొమ్మ లేదు, మెరుపు లేదు.
బొటనవేలితో నెట్టాను.
మా అటెండర్ ఎలిశమ్మ సాయంత్రం ల్యాబు గడియ వేసినట్టు
టక్కుమని ఒకే మాట.
అలుగు ఊగలేదు. మూసేటప్పుడు
నా బొటనవేలు ఏడవలేదు, ఈ వానల్లో కూడా.

కుర్రాడు కాగితం చీలికలు కోసి చూపించబోయాడు.
కాగితం ఎవరికైనా తెగుతుంది బాబూ.
ఫుట్‌పాత్ పగుల్లో తెంపుకొచ్చిన గడ్డిచామంతి కాడ
హ్యాండ్‌బ్యాగులోంచి తీశాను.

నీళ్ల సీసాతో అంచు తడిపి
ఒంటి వైపు లాక్కుంటూ ఒక్క కోత.
నొక్కకూడదు. నొక్కితే కణాలు నలుగుతాయి.
ఎన్ని బ్యాచులకు చెప్పానో ఈ మాట,
ఎందరి వేళ్లకు టింక్చర్ పూసిందో ఎలిశమ్మ,
అంతకు ముందే అదే రేజర్‌ని
మొగుడి పాత బెల్టు మీద తిప్పి తిప్పి సాన పెట్టి.

పచ్చటి చుక్క, ఉల్లిపొర కన్నా పల్చన,
జారి ధర చీటీ మీద పడింది.
నాళాల వలయం లోంచి అంకెలు చదవొచ్చు:
పంతొమ్మిది వేల ఎనిమిది వందలు.
మొహసిన్ వంగి చూశాడు. ఇంకా వంగాడు.
"లోపల ఇట్లుంటదా?"
ఉంటది, అన్నాను.
బిల్లు రాయమన్నాను.

చెక్‌పోస్ట్ మెట్రోలో బ్యాగు ఆపింది సెక్యూరిటీ పిల్ల.
తెర మీద నా సరంజామా అంతా ఎముకలతో సహా:
కళ్లజోడు, బీపీ మాత్రలు, తాళంచెవులు, పక్కన అది.
"కత్తి ఎందుకు పెద్దమ్మా?"

కొన్నంతసేపూ ఎవరూ అడగలేదీ ప్రశ్న,
నేను కూడా.
ఎవరి మీదా కత్తులు నూరిన దాన్ని కాను.
పదునుగా ఉన్నదేదో ఒకటి రోజూ చేతిలో ఉండేది,
రిటైరయ్యాక ఆ చెయ్యి ఖాళీగా తిరుగుతోందని
వెనక ఇరవైమంది లైనులో తోస్తుంటే
ఎక్కణ్ణించి మొదలుపెట్టను?
మెట్లు దిగాను. నా మోకాళ్లకి
కత్తిమీద సామంటే ఆ మెట్లే.

బస్‌స్టాపులో జామకాయల బండి.
అతని కత్తి కాయని కోయడం లేదు, బతిమాలుతోంది.
నాది తెరిచి ఇచ్చాను.
నాలుగు చీలికలు. గింజలు కూడా రెండుగా.
తిప్పి చూశాడు, ఎండకి పట్టి చూశాడు.
"మంచిగున్నదమ్మా. ఎంతకు తీస్కున్నవ్?"
రెండొందలు, అన్నాను.
"ఎక్కువిచ్చినవ్" అన్నాడు,
ఉప్పూకారం అద్దుతూ.

అంచుకంటిన ఉప్పు కొంగుతో తుడిచి
మడిచి జాకెట్లో పర్సు పక్కన దోపుకున్నాను.
బస్సు ఇంకా రాలేదు.
జామకాయ బాగుంది, కొంచెం దోర.