చుక్కలు వేసిన రోజు

రేపు ఏడింటికి ఆపరేషన్.
గది అద్దె కట్టేశాం, కాగితాల మీద సంతకాలైపోయాయి,
ఈవేళ ఇక పనేం లేదు.
రెండు కళ్లలో చుక్కలు వేసి
నుంగంబాక్కం ఎండలోకి వదిలారు మస్తానమ్మత్తని.
"అంతా మజ్జిగ్గా ఉందే" అంది.
నీలం బస్సు ఒక మజ్జిగ, పోలీసాయన ఒక మజ్జిగ,
నేను కాస్త నీళ్లెక్కువైన మజ్జిగ.

"చూసేదానికి లేదు గదా. తిందాం పద."

కావలి స్టేషన్ రోడ్డులో ఇరవయ్యారేళ్లు
మూడింటికే లేచి పొయ్యి వెలిగించిన మనిషి.
ఇంకొకరు వేసిన ఇడ్లీ
ఫ్యాను కింద కూచుని తినడం ఇదే మొదలు.
మైలాపూర్ సందులో ఆ ఇరుకు హోటల్లో
వేలి వెనకభాగం ఆనించి చూసింది దాన్ని,
చంటిబిడ్డకి జ్వరం చూసినట్టు.
"బియ్యం పాతవి. పప్పు మంచిది.
రుబ్బినోడికి ఓపికుంది."
సాంబారు బకెట్టు కుర్రాడు
మూడోసారి నుంచి అడగడం మానేసి పోస్తూనే ఉన్నాడు.
"గరిటెకి లెక్కే లేదా? వీళ్లెట్టా బతుకుతారే?"
నిజంగానే దిగులుపడింది.
తిన్నాక ప్లేటు పట్టుకుని లేచింది,
కడగడానికి వంటింటి వైపు.
భుజం పట్టి కూచోబెట్టాను.
డబరాలో కాఫీ వచ్చిందాకా
ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదామెకి.

సాయంత్రం, బీచ్ స్టేషన్ ఎదురు బండి.
"ఏందిది?"
"అత్తో."
"ఇక్కడే ఉండా గదే, ఎందుకట్టా పిలుస్తావు?"
"నిన్ను కాదు. తిండి పేరే అది, బర్మా తిండి."
నారింజ రంగు సేమ్యాలాంటివి, కేబేజీ తరుగు,
చింతపండు పులుసు, వెల్లుల్లి కాచిన నూనె,
బండాయన చేత్తోనే పిసికి కలుపుతూ
మా మాటలు విని నవ్వాడు.
"మా తాతది సీకాకులవే అమ్మా.
రంగం ఎల్లాడు, మళ్లీ రంగం నుంచి ఓడెక్కి ఇక్కడ దిగాడు."
పేరు సింహాద్రి. శ్రీకాకుళం తను ఎప్పుడూ చూడలేదట.
అతని తెలుగు తాత ఓడ దిగిన రోజు దగ్గరే
సామాన్లు పక్కన పెట్టుకుని నిలబడి ఉంది.
అత్త నాలుగు ముద్దలు మౌనంగా తిని
"శనగపిండి వేయించి చల్లావు గదా" అంది.
అతను చెయ్యి ఆపాడు.
ఆ తర్వాత అరటి దవ్వ సూపు ఎన్ని గిన్నెలు పోశాడో,
డబ్బులు మాత్రం ఒక్క ప్లేటుకే తీసుకున్నాడు.

మెరీనాలో బుడగల బోర్డు, తుపాకి,
ముప్పై రూపాయలకి పది గుళ్లు.
వద్దంటే వినదు.
"ఎర్రటి మబ్బొకటి కనబడతా ఉంది, దాన్నే కొడతా."
మొదటిది సముద్రానికి పోయింది.
రెండోది ఎటు పోయిందో తెలీదు గానీ
సుండల్ అమ్మే పిల్లాడు ఠక్కున కూచున్నాడు.
ఐదోది పేలింది.
పక్కనున్న కాలేజీ పిల్లలు ఈల వేశారు.
పెళ్లిలో కూడా అంతగా నవ్వలేదేమో మా అత్త.

చీర కాస్త పైకెత్తి నీళ్లలో నిలబడ్డాం.
"తుమ్మలపెంటలో ఉండేదీ ఈ నీళ్లేనా?"
"ఇవే."
"మన కొట్టుకి పన్నెండు కిలోమీటర్లు."
"అవును."
"ఒక్కసారన్నా పోలేదే."
అల వచ్చి పాదాల కింద ఇసుక లాక్కుపోయింది.
నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇంకేం అనలేదు.

రాత్రికి మజ్జిగ విరిగి మనుషులు తేలారు.
గది గోడ మీద గడియారం
కళ్లు చికిలించి తనే చదివింది.
పన్నెండు దాటాక మంచినీళ్లు కూడా వద్దన్నారని
పదింటికే దీపం ఆర్పి పడుకున్నాం.

ఎవరో భుజం తడుతున్నారు.
మూడైందేమో, పప్పు నానేసిందేమో అనుకున్నాను నిద్దట్లో.
చీర మార్చుకుని, చెప్పులేసుకుని,
చేతిలో చిల్లర సంచీతో
నిలబడి ఉంది.
"లెయ్యవే. పదకొండున్నరే అయింది.
వీధి చివర ఎవురో దోసె పోస్తా ఉండారు, వాసనొస్తా ఉంది."