పదకొండో మంచం బ్రేకు

రాత్రి మూడింటికి, కాఫీ గదిలో,
ఇవెట్ తన జీతం చీటీ తెరిచి
ఫోను నా వైపు తోసింది.
నేను అడగలేదు.
అడగనట్టు చూశాను, అంతే.

వారానికి రెండువేల ఆరువందలు.
మైనాట్‌లో, ఇదే మూడో అంతస్తులో,
పంతొమ్మిదేళ్ళ పాతదాన్ని నేను.
నాకంత రావాలంటే రెండు వారాలు,
రెండు వారాలూ రాత్రులే.

పదకొండో మంచం బ్రేకు ఒక్క తన్నుకి పడదని,
రెండోసారి కాస్త ఎడమకి తన్నాలని
ఆమెకి చూపించింది నేనే.
మందుల బీరువాకి ముందు భుజంతో ఓ పోటు వెయ్యాలనీ,
డాక్టర్ హాల్వర్సన్‌ని నాలుగుకి ముందు లేపితే
తెల్లారేదాకా గొణుగుతాడనీ,
నొప్పి పదికి ఎంతని అడిగితే
క్వామ్ పెద్దాయన ఎప్పుడూ రెండే అంటాడనీ,
ఆయన రెండంటే మన ఎనిమిదనీ.

కొత్తగా చేరిన పిల్లలకి నేర్పితే
గంటకో డాలరు ఎక్కువిస్తారు.
పదమూడు వారాల కోసం వచ్చినవాళ్ళకి నేర్పితే
ఇవ్వరట. వాళ్ళు అన్నీ తెలిసే వస్తారట.

మొదటి వారం కడుపు మండింది, దాచను.
క్వామ్‌ని పక్కకి తిప్పడానికి
దుప్పటి చెరో అంచూ పట్టుకున్నాం.
ఒకటి, రెండు, మూడు
ఇద్దరం కలిసే అన్నాం.
మూడు దగ్గర తోచింది నాకు:
అటు అంచు ఖరీదు
ఇటు అంచుకి రెండింతలని.
పెద్దాయన మాత్రం సమంగానే తిరిగాడు.

"ఇంకా కిందికి జరుపు," అంది ఇవెట్.
గంటకి ఇరవై రెండు. జీతమంటే అదే.
మిగతాదంతా అద్దెకి, తిండికి.
పన్ను లేని డబ్బు, నిజమే,
కానీ రెండు ఇళ్ళున్నట్టు రుజువుండాలి.
లేక్ చార్ల్స్‌లో
తుఫాను సగం కప్పు తిన్న ఇంటికి కిస్తీ,
ఇక్కడ రైలు పట్టాల పక్కన నేలమాళిగకి అద్దె.
రెండిట్లోనూ నిద్ర పట్టదు, అంది.
జ్వరమొస్తే ఆ రోజు జీతం లేదు,
ఆ రోజు అద్దె కూడా వెనక్కి కోసుకుంటారు.
రేపటి పింఛను లెక్క కట్టేది
ఆ ఇరవై రెండు మీదే.

దూరపు కొండలు నునుపు, అంటారు.
మా ఊళ్ళో కొండల్లేవు.
చూపు అలిసేదాకా చదునుగా మంచు.
అందుకని ఆమె కారు టైర్లు చూశాను:
దక్షిణాది టైర్లు, అరిగి, నిజంగానే నున్నగా.

నేనూ ఏజెన్సీ ఫారం తెరిచాను, రెండుసార్లు.
"ఎప్పటి నుంచి రాగలరు?"
రెండుసార్లూ అక్కడే మూసేశాను.
మా ఆర్లెన్ ఇన్సులిన్
నా ఆస్పత్రి బీమా కార్డు మీద నడుస్తుంది.
ఆ కార్డు విలువ ఎంతో
నా చీటీలో ఎక్కడా రాసి ఉండదు.

తొమ్మిదో వారం. రోగులు తగ్గారు.
మూడు వాక్యాల మెసేజ్, చివర నవ్వు బొమ్మ:
ఒప్పందం శుక్రవారంతో సరి.
మిగిలిన నాలుగు వారాలు
ఏ చీటీలోనూ లేవు.

బయట మైనస్ ఇరవై ఆరు.
నేను అద్దం మీద మంచు గీకుతుంటే
ఆమె సామాను సర్దుకుంది:
రైస్ కుక్కర్, సొంత దిండు,
డ్యూటీ బూట్లు రెండు జతలు.
సగం అయిన మిరపకాయ సాస్ సీసా
నా కోటు జేబులో పెట్టింది.
"మీ ఊరి తిండికి ఇది లేకపోతే ఎట్లా బతుకుతారే," అంది.
ఆ వారమంతా నా జేబులో వెనిగర్ వాసన.

మార్చిలో మళ్ళీ మంచాలు నిండాయి.
టూసాన్ నుంచి అన్సెల్మో వచ్చాడు,
పల్చటి జాకెట్, పెద్ద గొంతు.
మొదటి రాత్రే అడిగాడు:
"ఇక్కడ పర్మనెంటు వాళ్ళకి ఎంతొస్తుంది?"
"ముందు ఈ బ్రేకు చూడు," అన్నాను.
ఒకసారి తన్నాడు.
రెండోసారి కుడికి తన్నాడు.
మంచం, మంచం మీద మనిషీ
కిటికీ వైపు జానెడు జరిగారు.

"ఎడమకి," అన్నాను.