అష్టమి లెక్క

ముమ్మిడివరంలో జక్రయ్య కొట్టు.
గోడకానుకుని బ్యాటరీలు కూర్చున్నాయి,
పెళ్లిచూపులకొచ్చిన చుట్టాల్లా, ఎవరికి వారే బరువుగా.

అందరూ ముందు ధర అడుగుతారట.
నేను బరువడిగాను.
ఆయన కళ్లజోడు తీసి చూశాడు.

గెడ వేసి వేసి నా కుడి భుజం అరిగిపోయింది.
చెయ్యెత్తి జడ వేసుకోలేను.
అందుకే మోటారు కొన్నాను, తెడ్డంత పొడుగు.
పొగ లేదు, మోత లేదు, పీత బెదరదు.
ఇక దానికి తిండి కావాలి.

"ఇది తీసుకో కాసులమ్మా, కారుది, చౌక."
కారుది నాకు తెలుసు. మా మరిది లాంటిది.
లేస్తూనే ఒక్క గర్జన,
గంటకల్లా గురక.

"పోనీ ఇది? ఇన్వర్టర్ది. నిదానంగా నడుస్తుంది."
బిందెలా చంకనెత్తి చూశాను.
ముప్పై కిలోల పైమాటే.
రేవు నుంచి మా ఇంటికి నూరడుగుల బురద,
పాటు తీస్తే మోకాలి లోతు.
దీన్ని మోస్తూ దిగానా,
మర్నాడు మా ఇద్దర్నీ పీతలే వెతకాలి.

పైగా దానికో పథ్యం.
సగమే తాగాలట, సగం ఎప్పుడూ మిగలాలట,
అడుగంటా తాగితే లోపల రేకులు తెల్లబడి
మళ్లీ కోలుకోదట.
ఒంటి మీద వంద అని రాసుంటుంది,
యాభైకే ఆయాసం.

మూడోది లిథియం. పన్నెండు కిలోలు.
రెండేళ్ల పిల్లాణ్ణి ఎత్తినట్టుంది.
ధర విని దించేశాను,
పిల్లాణ్ణి దించినంత జాగ్రత్తగానే.
ఇరవై ఎనిమిది వేలు.
గ్రూపు అప్పుతో కలిపి నా రొండిన ఉన్నవి పదిహేడు.

"దీని చిన్నది లేదా?"
"యాభైది ఉంది. చాలదమ్మా నీకు."
కాగితం తీశాడు.
మోటారు గంటకి ఇంత తింటుంది,
పోవడానికి ఇంత, రావడానికి ఇంత,
గాలి ఎదురైతే ఇంకొంత.
కింద గీత గీసి, వంద అన్నాడు.

ఆ కాగితంలో నీరు కదలడం లేదు.
అది చెరువు లెక్క.

నేను పాటుతో దిగుతానయ్యా.
ఏరే నన్ను మడల్లోకి తోసుకుపోతుంది.
బుట్టల్లో ఎర కట్టి వదిలి,
తెల్లమడ వేళ్ల మధ్య దోనె కట్టేసి,
నీరు తిరిగేదాకా కూర్చుంటాను.
తిరిగాక అదే తెచ్చి రేవులో పడేస్తుంది.
ఏరు ఊరికే ఇచ్చేది నీ దగ్గర ఎందుకు కొనాలి?
నాకు మోటారు కావలసింది
పాయ మలుపులకి, ఎదురుగాలికి,
ఈ భుజానికి.

జక్రయ్య పెన్సిలు చెవిన పెట్టుకున్నాడు.
"మరి అష్టమి నాడో?" అన్నాడు మెల్లగా.
ఆయన బలుసుతిప్ప అల్లుడని తర్వాత తెలిసింది.

అష్టమికి ఏటికి బద్ధకం.
పోటు పోటులా రాదు, పాటు పాటులా పోదు.
"అష్టమి నాడు గెడ," అన్నాను.
"నెలకి రెండేగా. ఆ మాత్రానికి చావదు భుజం."

ఆరు కిలోలు.
ఇంకా కూర్చోవడం రాని పసిబిడ్డ.
థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పైన రెయిన్‌కోటు కప్పి,
ఉప్పుగాలికి పచ్చబడకుండా కొనలకి గ్రీజు రాసి,
బస్సులో ఒళ్లో పెట్టుకొచ్చాను.
కండక్టరు టికెట్టు అడగలేదు.

మొదటి రాత్రి మోటారు ఆపాక విన్నాను
బురద బుడగలు పగిలే చప్పుడు.
ఇన్నాళ్లూ నా ఆయాసమే వినపడేది.

అన్ని రోజులూ అలా లేవు.
ఒకరోజు మొగ దగ్గర గాలి తిరగబడింది.
మీటరు మీద ఇరవై, పద్నాలుగు, తొమ్మిది.
జక్రయ్య గీసిన గీత కళ్ల ముందు కదిలింది.
గెడ తీశాను. భుజం తిట్టింది.
ఏరు మాట్లాడలేదు.
ఇంటికొచ్చేసరికి తెల్లారింది.
పీతలు పద్నాలుగు, రెండు డెక్కలు విరిగినవి.
వందది కొనుంటే, అని ఒకసారి అనుకున్నాను.
ఒక్కసారే. ఎత్తి మోస్తూ అనుకున్నాను,
బురదలో,
కాబట్టి మానేశాను.

ఇవాళ చార్జరు మీద ఎర్రదీపం వెలుగుతుండగా
కరెంటు పోయింది.
చీకట్లో క్యాలెండరు దగ్గరికి ఫోను వెలుగు పట్టాను.
ఎల్లుండి అష్టమి.
చూరులోంచి గెడ దించి
తడిగుడ్డతో తుడుస్తున్నాను.