గంటన్నర

జీతం వడ్డ శుక్రవారం
ముత్రా చేపల మార్కెట్టు కాడ బస్సు దిగినం.
సుఖారీ నిషాద్ చెప్పులు ఇడిసి చేతవట్టుకున్నడు.
"ఇది అస్సీ ఘాటు" అన్నడు.

ఆడ ఒమానీ ముసలాయన
సూర చేపను రెండుగ నరుకుతున్నడు.
లింబాద్రి పక్కున నవ్విండు. నాకు నవ్వు రాలే.
పద్దెనిమిదేండ్లు గంగల తెడ్డేసిన చెయ్యి అది,
ఇయ్యాల ఇరవై అంతస్తుల మీద
పరంజ గొట్టాలకు బోల్టులు బిగిస్తది.
ఆ చెయ్యి యాడ చూపిస్తే ఆడ మెట్లున్నట్టే.

"మా దగ్గర నీళ్ళు కుడిచేతికుంటయి,
ఈడ ఎడమకున్నయి.
అద్దంల చూస్తున్నమనుకోండ్రి."
అప్పటికెల్లి నేను అద్దంలనే నడిచిన.

మూడో దీపం స్తంభం హరిశ్చంద్ర ఘాటు.
మాటకోసం అమ్ముడువోయిన రాజు
కావలి గాసిన కాడు.
చిన్నరాజం ఊకోలే, లెక్క తీసిండు:
"ఆ రాజుకు అప్పు ఒక్కనికే.
మనకు ఏజెంటు, ఏజెంటు బామ్మర్ది, మెడికలోడు,
ఊళ్ళె మూడు రూపాల మిత్తి."

సగం తుప్పువట్టిన ఇనుప బెంచీ కేదారం.
"మీ తెలుగోళ్ళంత ఈడనే దిగుతరు.
బేరం తెగంది పడవెక్కరు,
ఎక్కినంక పులిహోర పెట్టంది దిగరు."
వాళ్ళ కాడ నేర్చిన మాటలు నాలుగే సుఖారీకి:
నీళ్ళు, చిల్లర, జాగ్రత్త, వంగు.
వంతెన కిందికి పడవ వోతుంటే
అరిచేటి మాటనంట ఆఖరిది.

పొద్దుగూకింది. మసీదుల అజా లేచింది.
"దశాశ్వమేధం ఇదే, హారతి యాళ్ళ ఇదే" అని
లేని దీపాలను రెండు చేతుల తిప్పిండు.
రేవుల ఓడ ఒకటి శంఖమూదినట్టు కూసింది.
ఓ ఒమానీ పిల్లగాడు
ఐస్‌క్రీం మోచేతి దాక కారుతున్నా
నోరు తెరిచి చూసిండు.

ఇంక కొంచెం నడిచినంక
సుఖారీ చెప్పులు కిందవెట్టి తొడుక్కున్నడు.
ఈ ఘాటు పేరు చెప్పలే.
చాలసేపటికి,
"ఆడ ఎవ్వలనూ ఆపరు.
రాత్రైనా, వానైనా" అన్నడు.
మా నలుగురికీ సాయన్న యాదికచ్చిండు.
ఒక్క ముద్ర కోసం ముప్పై నాలుగు దినాలు
దవాఖాన పెట్టెల చల్లగ పన్నోడు.
కాశికి వోయినోడు కాటికి వోయినోడు ఒక్కటే
అనేటోడు మా తాత.
సామెత గట్లనే ఉన్నది,
ఊరి పేరే మారింది.

పాత మస్కట్‌ల శివుని గుడికి టాక్సీల వోయినం.
సేట్ల కాలం నాటి గుడంటరు.
వరుసల నిలబడి, పాకెట్టు పాలు చెంబుల వంచి,
అందరి లెక్కనే మేమూ
కండ్లు మూసుకొని ఏదో అడిగినం.
ఏమడిగిన్నో ఇప్పుడు యాదికి లేదు.
కాళ్ళకింద నాపరాయి సల్లదనం మాత్రం ఉన్నది.

రుసేల్ క్యాంపుకు మళ్ళేటప్పుడు బస్సుల
సుఖారీ గుర్తుచేసిండు:
"కాశి చూసినోడు
ఇష్టమైనదొకటి ఇడిసిపెట్టాలె."
లింబాద్రి కాకరకాయ అన్నడు.
వాడు దాన్ని పుట్టినకాడికెల్లి ముట్టింది లేదు.
చిన్నరాజం సిగరెట్టు అన్నడు, అంటూనే
జేబు తడుముకున్నడు.
"నేను పడవనే ఇడిసిపెట్టి వచ్చిన,
నాకు మాఫీ" అన్నడు సుఖారీ.

నా వంతుకు
మామిడిపండు నోటిదాక వచ్చింది.
అది ఈడ ఎట్లాగూ కొనేటిది గాదు.
ఆఖరికి, పైకి చెప్పకుంటనే, ఒకటి ఇడిసిన:
గడియారం చూసినప్పుడల్ల
గంటన్నర కలిపి
ఇంటికాడ ఇప్పుడెంతైందో లెక్కగట్టుడు.

తెల్లారగట్ల నాలుగింటికి సైరన్ మోగింది.
నాలుగంటే, ఆడ అయిదున్నర.
లక్ష్మీనర్సు బోరింగు కొడుతుంటది,
మూడో బిందెకు నడుం పట్టుకొని ఆగుతది.
తినద్దన్న కూర తిన్నోని లెక్క
నాలిక కరుసుకున్న.

పదకొండో అంతస్తుల
ఎండ ఇంక ముదరలే.
తల నిండ ఆ బిందె చప్పుడే వెట్టుకొని
పలక మీద నడుస్తున్న.
పై గొట్టాల మీదికెల్లి సుఖారీ అరిచిండు,
నాకు మల్ల చెప్పే పని లేకుంట,
తెలుగుల:

"వంగు!"