రెండు గదుల గుండె

కేజీహెచ్ డౌన్‌లో బస్సు దిగి
ఎత్తెక్కి వచ్చారు ఇరవై ముగ్గురు,
పెదజాలరిపేట మున్సిపల్ బడి, తొమ్మిదో తరగతి.
గుమ్మంలో చెప్పులు విప్పబోతే
వద్దన్నాను, ఇది గుడి కాదర్రా, ల్యాబు.

ఏమవుతారు అంటే
డాక్టరు, డాక్టరు, డాక్టరు,
హాజరు పలికినట్టు.
ఒక్కడు మాత్రం, తెడ్డు ఎల్లాజీ,
"నాకింకా తెల్దు మేడం" అన్నాడు.
వాణ్ణే ముందు మైక్రోస్కోపు దగ్గర కూచోబెట్టాను.

"నల్లగా గడ్డిపోచలున్నాయి."
అవి నీ కనురెప్పల వెంట్రుకలురా, కాస్త వెనక్కి జరుగు.
జరిగాడు.
తర్వాత ఏం కనిపించిందో చెప్పలేదు.
వెనకవాళ్లు తోస్తున్నా లేవలేదు.

పక్క బల్ల మీద ప్లాస్టిక్ గుండె.
మూత తీసి లోపల చూపిస్తుంటే
అరిజిల్లి నూకరత్నం చెయ్యెత్తకుండానే అడిగేసింది:
"నాలుగు గదులేటి మేడం? కోనానికి రెండే కదా."
ఎవరు చెప్పారు?
"ఎవులు చెప్తారు, కోస్తాం కదా.
మొప్పల కింద ఉంటాది. వేలితో తీస్తే
ఒకోసారి ఇంకా కొట్టుకుంటాది."
ఆ రెండు గదుల సంగతి
నేను ఇంటర్‌లో బట్టీపట్టాను.
"మనిషికి నాలుగా!" అని నవ్వింది,
"మా ఇంటికి ఒకటే."

ఆ వయసులో నాకెవరూ ఏ తలుపూ చూపించలేదు.
నాన్న కఫం డబ్బీ పట్టుకుని
పదమూడో గది అనుకుని పదిహేనులోకి వచ్చాను.
ఒకావిడ గాజుపలక మీద ఎర్రరంగు పోసి
కింద సన్నటి మంట పెడుతోంది.
ఇదీ ఒక ఉద్యోగమేనని
అప్పటిదాకా తెలీదు.
నాన్న ఉండలేదు. ఆ రంగు ఉండిపోయింది.

అందుకే చెప్పుకుంటూ పోయాను:
ఎక్స్‌రే తీసేవాళ్లు, మత్తుమందు దగ్గర నిలబడేవాళ్లు,
డయాలిసిస్ మిషన్ పక్కన రాత్రంతా కూచునేవాళ్లు,
విరిగిన కాలికి మళ్లీ నడక నేర్పేవాళ్లు.
రాసుకోండి అన్నాను. రాసుకున్నారు.
చివరి వరసలోంచి ఎవరో,
"ఎంతవుద్ది మేడం?"

ఇరవై రెండేళ్లుగా అంకెలతోనే నా పని.
హిమోగ్లోబిన్, సుగర్, ప్లేట్‌లెట్లు.
ఈ ఒక్క అంకె దగ్గర నోరెండింది.
స్కాలర్‌షిప్పులు, సర్కారు కాలేజీలో సీట్లు,
తెలిసినంత చెప్పాను. తెలియనిది తెలియదన్నాను.
మాస్టారు గడియారం చూసుకున్నారు.

వెళ్లే ముందు తలా ఒక జత గ్లవ్స్.
నూకరత్నం వేళ్ల చివర అవి సంచుల్లా వేలాడాయి.
తీసి, అరచేయి వాసన చూసుకుని,
"రబ్బరూ చేపా కలిసిపోయాయి" అంది,
ఫిర్యాదులా కాదు.

నెల దాటాక ఒక మంగళవారం, ఓపీ రద్దీలో,
మామ్మని రెక్క పట్టుకుని నడిపించుకొస్తోంది.
ముసలామె చేతిలో చీటీ తలకిందులుగా ఉంది.
పదమూడు ముందు ఆగబోతే
"అది కాదే మామ్మా, అది వేరే పరీక్షలకి.
సుగర్‌కి ఇటు,"
అని, నన్ను చూసి,
గుర్తుపట్టనట్టు మొహం పెట్టి,
సీసా మూత బిగిసిందో లేదో
మళ్లీ ఒకసారి తిప్పి చూసుకుంది.